స్వెట్టర్ కన్నా ముందు దిగే ఊరు చూసుకోండి

కడుపుతో ఉన్న అమ్మాయి చలికాలంలో రోజూ అప్ అండ్ డౌన్ చేస్తోందంటే ఇంట్లోవాళ్ళు మొదట చేతికిచ్చేది స్వెట్టరు, చెవులకు మఫ్లరు. నెట్‌లో వెతికితే ఇంకో రకం సలహాలు దొరుకుతాయి: మంచులో జారని బూట్లు, ఉన్ని చేతితొడుగులు. అనంతపురంలో వాటితో ఏం చేసుకోవాలో రాసినవాళ్ళకే తెలియాలి. మనకు డిసెంబరు, జనవరి తెల్లవారుజామున 15, 16 డిగ్రీలు ఉంటుంది, మధ్యాహ్నానికి 30 దగ్గరికి పోతుంది. ఆ చలి ఒక్కటే గర్భిణిని ఆస్పత్రిపాలు చేసేదేం కాదు. చలికాలం వెంటబెట్టుకొచ్చే మిగతావి చేస్తాయి. పొద్దున బస్టాపుకు పోయేటప్పుడు చీకటి, సాయంత్రం ఆరు దాటితే మళ్ళీ చీకటి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, పొంగే వంకలు, దారి మళ్ళే బస్సులు. దాహం వెయ్యదు కాబట్టి తాగని నీళ్ళు. పొద్దున్నే పరుగు కాబట్టి తినని టిఫిను.

అందుకే నా వాదన ఇది. సంచి సర్దుకోవడం మూడో పని. దానికన్నా ముందు రెండు నిర్ణయాలు ఇంట్లో కూర్చుని, తీరిగ్గా, ఇంకొకరితో కలిసి చేసుకోవాలి: దారిలో తేడా వస్తే ఏ ఊర్లో దిగాలి, ఏ రోజు అసలు బస్సెక్కకూడదు. ఈ రెండూ బస్సులో నొప్పి మొదలయ్యాక ఆలోచించేవి కావు.

మొదట దారి. మీ రూటులో ఊర్లను వరసగా ఒక కాగితం మీద రాయండి. ఒక్కో ఊరి పక్కన మూడు సంగతులు ఉండాలి: రాత్రిపూట డాక్టరు ఉంటారా, ఆపరేషన్ చేస్తారా, రక్తం దొరుకుతుందా. ఈ మూడింటికీ జవాబు మీ ఏఎన్ఎం దగ్గరో ఆశా కార్యకర్త దగ్గరో పది నిమిషాల్లో దొరుకుతుంది. కదిరి, ముదిగుబ్బ వైపు నుంచి అనంతపురం వచ్చేవాళ్ళకు దారిలోనే బత్తలపల్లిలో ఆర్డీటీ ఆస్పత్రి ఉంది. గుత్తి నుంచి వచ్చేవాళ్ళు పామిడి దాటాక చూసుకోవాల్సింది అనంతపురం పెద్దాస్పత్రినే. కడప చుట్టుపక్కల తిరిగేవాళ్ళకు రిమ్స్, ప్రొద్దుటూరు జిల్లా ఆస్పత్రి. కర్నూలు వైపు అయితే కర్నూలు సర్వజన ఆస్పత్రి.

ఇంత వివరం ఎందుకంటే, దగ్గరి ఆస్పత్రి అన్నిసార్లూ సరైన ఆస్పత్రి కాదు. మండలంలోని పీహెచ్‌సీలో బీపీ చూస్తారు, మామూలు కాన్పు చేస్తారు, ఫిట్స్ వస్తే మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదు ఇచ్చి పంపుతారు. అవి ప్రాణం కాపాడేవే. రక్తస్రావం సంగతి వేరు. మాయ (ప్లాసెంటా) కిందికి ఉండి గానీ, ముందే విడిపోయి గానీ రక్తం పోతుంటే ఆపరేషన్ థియేటరూ రక్తమూ ఉన్నచోటే వైద్యం. ఆ స్థితిలో రెండు ఆస్పత్రులు తిరిగితే పోయేది సమయం.

బస్సులో ఉండగా తేడా వచ్చిందనుకోండి. చాలామంది చేసేది వెంటనే దిగిపోయి 108 కోసం రోడ్డు పక్కన నిలబడటం. బస్సు పెద్దాస్పత్రి వైపే పోతూ ఇంకో పదిహేను ఇరవై నిమిషాల దూరంలో ఉంటే అది పొరపాటు లెక్క. బస్సులోనే ఎడమవైపు తిరిగి పడుకుని 108కి ఫోన్ చేసి, వాహనాన్ని ముందు ఊర్లో ఎదురు రమ్మనాలి. కండక్టరుకు చెప్తే మధ్య స్టాపులు తగ్గించి నడిపిస్తాడు. బస్సు ఆస్పత్రికి దూరంగా పోతున్నప్పుడు మాత్రం దిగాలి. అప్పుడు కూడా లైటూ మనుషులూ ఉన్నచోట దిగాలి: బస్టాండు, పెట్రోలు బంకు, టోల్‌గేటు. కర్నూలు–అనంతపురం–బెంగళూరు హైవే మీద కాసేపల్లి, మరూరు, అమకతాడు టోల్‌గేట్లు గుర్తుపెట్టుకోవాల్సినవి. జాతీయ రహదారి సహాయానికి 1033 ఉంది, టోల్‌గేట్ల దగ్గర అంబులెన్సులూ ఉంటాయి.

108కి చోటు చెప్పడం కూడా ఒక పనే. ‘పామిడి దాటినాము’ అంటే చాలదు. నాలుగు లైన్ల రోడ్డులో మధ్యన డివైడరు ఉంటుంది. అటువైపు వచ్చిన అంబులెన్సు మీ ముందు నుంచే పోయి, యూటర్న్ దొరికేదాకా కిలోమీటర్లు తిరిగి రావాలి. కాబట్టి ఈ వరసలో చెప్పాలి: ఏ ఊరు దాటి ఏ ఊరి వైపు పోతున్నారు, రోడ్డు పక్క కిలోమీటరు రాయి మీద అంకె ఎంత, బస్సు నంబరు ఎంత. ఆ తర్వాత ఎన్నో నెల, ఏం జరుగుతోంది, స్పృహలో ఉందా లేదా. ఫోన్ పెట్టెయ్యకుండా లైన్లోనే ఉంటే అవతలివాళ్ళు చెయ్యాల్సింది చెప్తారు. మాట్లాడే స్థితిలో మీరు ఉండకపోవచ్చు కాబట్టి ఈ వివరాల కాగితం సంచి ముందు జేబులో ఉండాలి: పేరు, రక్తం గ్రూపు, కాన్పు తేదీ, వాడే మందులు, ఇంటి నంబర్లు రెండు, చూపించుకునే ఆస్పత్రి. ఫోన్ లాక్ అయి ఉంటే అందులోని నంబర్లు పక్క సీటామెకు పనికిరావు.

రెండో నిర్ణయం, ఎక్కకూడని రోజు. దీనికి వాతావరణం ఒక కొలత. వాతావరణ శాఖ మీ జిల్లాకు ఆరెంజ్ హెచ్చరిక ఇస్తే, మీ దారిలో లో లెవెల్ బ్రిడ్జి ఒక్కటి ఉన్నా ఆరోజు సెలవు పెట్టండి. రెడ్ అయితే బ్రిడ్జి ఉన్నా లేకున్నా. ఇది అతి జాగ్రత్త అనుకునేవాళ్ళు 2021 నవంబరును గుర్తు చేసుకోవాలి. ఆ నెల 19న చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట, నందలూరు ప్రాంతంలో ఆర్టీసీ బస్సులు సైతం వరదలో చిక్కాయి, మనుషులు పోయారు. కమలాపురం దగ్గర పాపఘ్ని వంతెన కూలి కడప–తాడిపత్రి దారి తెగింది. పొద్దున బాగున్న దారి సాయంత్రానికి ఉండదు. మీరు అవతలి ఒడ్డున, మీ ఆస్పత్రి ఇవతలి ఒడ్డున మిగిలిపోతారు. కాజ్‌వే మీద అడుగు లోతు పారే నీళ్ళు ఆటోను, కారును కదిలించగలవు, రెండడుగులైతే పెద్ద బండ్లకూ భద్రత లేదు. డ్రైవరు ధైర్యస్తుడైతే మీరు ఇంకా త్వరగా దిగాలి. దారి సంగతి అడగడానికి విపత్తుల సంస్థ నంబరు 1070, ఇంకేదైనా అత్యవసరానికి 112.

రెండో కొలత మీ ఒళ్ళు. ఇక్కడ చలికాలం ఒక మోసం చేస్తుంది. ప్రమాద లక్షణాలన్నిటికీ దగ్గర్లోనే ఒక సాకు దొరుకుతుంది. తల పగిలిపోతోందంటే ‘మంచుకు పట్టింది’ అంటారు. ముఖం, చేతులు ఉబ్బితే ‘బస్సులో కూర్చుని కూర్చుని’. కడుపు గట్టిపడితే ‘గతుకుల రోడ్డు’. ఇరవై వారాలు దాటాక తగ్గని తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, కుడి పక్కటెముకల కింద నొప్పి వస్తే అది బీపీ కావచ్చు. మంచు మీదికి నెట్టకుండా ఆరోజే బీపీ చూపించుకోవాలి. 140/90 దాటితే ఆఫీసుకు కాదు, డాక్టరు దగ్గరికి. 160/110 ఉంటే ఇంటికి కూడా పోకుండా నేరుగా పెద్దాస్పత్రికి.

కడుపు గట్టిపడటాన్ని తేల్చుకోవడానికి పద్ధతి ఉంది. దిగి కూర్చుని రెండు గ్లాసుల నీళ్ళు తాగి, పక్కకు తిరిగి పడుకుని గంటసేపు గడియారం చూడండి. ముప్ఫై ఏడు వారాలు నిండకముందు గంటలో నాలుగుసార్లు, అంతకు మించి గట్టిపడుతుంటే రోడ్డు తప్పు కాదు. బిడ్డ కదలికలు బస్సు కుదుపుల్లో తెలియవు. అందుకే ఇరవై ఎనిమిది వారాల తర్వాత ఇంట్లో రోజూ ఒకే వేళకు ఎడమవైపు పడుకుని లెక్కపెట్టాలి. రెండు గంటల్లో పది కదలికలు రాకపోతే, రోజూ ఉన్నట్టు లేదనిపించినా, మరుసటి పొద్దున బస్సు ఆఫీసుకు కాదు. అసలు ఆ రాత్రే ఆస్పత్రికి పోవాలి.

ఇక బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచితం. మంచిదే, నెల జీతంలో ఇంత మిగులుతుంది. కానీ రద్దీ వేళ ఆ బస్సుల్లో సీటు దొరకడం కష్టమైంది. ఆరో నెల దాటినవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: జీరో టికెట్ కోసం గంటసేపు నిలబడే కన్నా సూపర్ లగ్జరీలో డబ్బులిచ్చి సీటు రిజర్వ్ చేసుకోవడం చవక. అది కుదరని రూటైతే బస్సు బయల్దేరే చోటుకే పోయి ఎక్కాలి. అనంతపురం శివారులో సోమలదొడ్డి దగ్గరో తపోవనం దగ్గరో చెయ్యెత్తి ఎక్కేదానికి బదులు, ఆటోలో వెనక్కి బస్టాండుకు పోయి ఖాళీ బండిలో కూర్చోవడం. సంక్రాంతికి ముందూ వెనకా వారం రోజులు ఈ లెక్క కూడా పనిచెయ్యదు; ఆ రోజుల్లో సెలవే దారి.

సీటు కూడా చూసి కూర్చోవాలి. వెనక చక్రాల మీద, ఆఖరి వరసలో కుదుపు ఎక్కువ. ఇంజను పక్కన వేడి, వాసన. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్యలో, దారి వైపు సీటు మంచిది: కాళ్ళు చాపుకోవచ్చు, లేవడం తేలిక. కిటికీ వైపు చలిగాలి తగలదు అన్నది కూడా లాభమే. గంట దాటే ప్రయాణంలో పాదాలను కిందికీ పైకీ ఆడిస్తూ ఉండాలి. గర్భంతో ఉన్నప్పుడు రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది, కాళ్ళు కదపకుండా కూర్చుంటే పిక్కల్లో గడ్డలు కట్టొచ్చు. ఒక్క పిక్కే వాచి నొప్పి పెడుతుంటే దాన్ని రుద్దకుండా చూపించుకోండి.

ఎక్కువ ప్రమాదం ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఉంది. పొట్ట ముందుకొస్తే మెట్టు కనబడదు, కీళ్ళు వదులవుతాయి, పైగా తెల్లవారుజామున మెట్ల మీద తేమ. సంచి భుజానికి కాకుండా వీపుకు ఉండాలి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, బస్సు పూర్తిగా ఆగాకే కడ్డీ పట్టుకుని దిగాలి. చీరకన్నా చుడీదారు మేలు, చెప్పులకు వెనక పట్టీ ఉండాలి. పడినా, సడన్ బ్రేకుకు ముందు సీటు కడ్డీ పొట్టకు తగిలినా, నొప్పి లేకపోయినా ఆరోజే చూపించుకోవాలి. మాయ విడిపోవడం దెబ్బ తగిలిన వెంటనే కాక కొన్ని గంటల తర్వాత బయటపడొచ్చు. మీది నెగెటివ్ గ్రూపు అయితే యాంటీ డి ఇంజెక్షన్ 72 గంటల లోపల పడాలి. ఈ సంగతి డాక్టరుకు మీరే చెప్పండి, అడిగేదాకా ఆగొద్దు.

నీళ్ళ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. రోజూ ప్రయాణించే ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేసేది చలి వల్ల కాదు, బాత్‌రూం లేకపోవడం వల్ల. చలికాలం ఆ అలవాటుకు అండగా నిలబడుతుంది, అంతే. దాని ఖరీదు మూత్రనాళ ఇన్ఫెక్షను. గర్భంతో ఉన్నప్పుడు అది కిడ్నీదాకా పాకడం తేలిక, నెలలు నిండకముందే నొప్పులు తెప్పించే కారణాల్లో అదొకటి. ఒంట్లో నీళ్ళు తగ్గితే కడుపు గట్టిపడటం కూడా ఎక్కువవుతుంది. పరిష్కారం తాగే వేళల్లో ఉంది. నిద్ర లేవగానే రెండు గ్లాసులు తాగితే ఇల్లు వదిలేలోపు ఒకసారి పోయి రావచ్చు. బస్సులో ఒక్కో గుక్క. పనిచేసే చోటికి చేరగానే మళ్ళీ రెండు గ్లాసులు. గోరువెచ్చటి నీళ్ళు ఫ్లాస్కులో పెట్టుకుంటే చలిలో కూడా తాగబుద్ధవుతుంది. బస్టాండు దాటే ముందు, అవసరం లేదనిపించినా, బాత్‌రూంకి పోయి రావాలి. మంట, చలిజ్వరం, నడుము పక్కన నొప్పి కనిపిస్తే బార్లీ నీళ్ళతో సరిపెట్టకుండా మూత్రపరీక్ష చేయించాలి.

పొద్దున్నే ఖాళీ కడుపుతో ఐరన్ మాత్ర మింగి బస్సెక్కేవాళ్ళకు వాంతి వస్తుంది, వారం తిరగకుండా మాత్ర మానేస్తారు. దాన్ని రాత్రి భోజనం తర్వాతకు మార్చుకోండి. క్యాల్షియం మాత్ర పొద్దున టిఫినుతో, మధ్యాహ్నం అన్నంతో. రెండింటినీ కలపకూడదు, ఐరన్‌ను టీతో అసలు వేసుకోకూడదు. రక్తం తక్కువున్నవాళ్ళకు గుంపులో నిలబడితే కళ్ళు తిరుగుతాయి. అలా అనిపించిన క్షణమే సిగ్గుపడకుండా బస్సు ఫ్లోర్ మీదైనా కూర్చోవాలి. నిలబడి ఓర్చుకున్నవాళ్ళు పొట్ట మీద పడతారు.

షుగరు ఉండి ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకు ఆలస్యమే పెద్ద శత్రువు. ఆఫీసుకు పోయి తిందామని ఇంట్లో ఇంజెక్షన్ వేసుకుని బయల్దేరొద్దు. బస్సు దారి మళ్ళితే షుగరు పడిపోతుంది. తిండి ముందు పెట్టుకున్నాకే సూది. చెమట, వణుకు, గుండె దడ వచ్చి షుగరు 70 కన్నా తగ్గితే మూడు చెంచాల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగి, పదిహేను నిమిషాల తర్వాత మళ్ళీ చూసుకుని, ఆపైన ఏదైనా తినాలి. చలిలో వణుకు చలివల్లే అనుకునే ప్రమాదం ఇక్కడ కూడా ఉంది. మిగతావాళ్ళకు మన ఊరి తిండే సరిపోతుంది: వేరుశనగ చిక్కీ, ఉడికించిన గుడ్లు, బొరుగులు, అరటిపండు.

బట్టల గురించి రెండు మాటలు చాలు. ఒక మందపాటి స్వెట్టరుకన్నా ముందుకు తెరుచుకునే పలచటివి రెండు మంచివి, గుంపులో ఉక్కపోస్తే వెంటనే తీసెయ్యొచ్చు. బస్టాపులో చలిమంట వేస్తే, అందులో టైరు ముక్కలు కాలుతుంటే, పొగ రాని దిక్కుకు పోయి నిలబడండి. దగ్గేవాళ్ళున్న బస్సులో మాస్కు పెట్టుకోండి, ఫ్లూ టీకా గురించి డాక్టరును అడగండి. జ్వరానికి పారాసిటమాల్ సరే. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఐదో నెల తర్వాత, మెడికల్ షాపువాడు ఇచ్చినా వద్దు.

ఇప్పుడు సంచి. రెండు కిలోలు దాటకూడదు, దాటితే మోయరు. తల్లీబిడ్డల రక్షణ కార్డు, చివరి స్కానింగు, రక్తపరీక్ష, ఆధార్, ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) కార్డు ప్లాస్టిక్ కవర్లో. వాడే మందులు ఒక రోజుకు సరిపడా అదనంగా. పెద్ద సైజు ప్యాడ్లు నాలుగు, మార్చుకునే బట్టలు ఒక జత, శుభ్రంగా ఉతికి ఎండలో ఆరేసిన మెత్తటి గుడ్డలు రెండు, ఒక ప్లాస్టిక్ షీటు, చిన్న టార్చి, పవర్ బ్యాంకు, వందా యాభై నోట్లలో ఐదు వందలు. ఫోన్‌పే పనిచెయ్యని చోటే ఆటో అవసరమవుతుంది. ప్యాడ్లు ఎందుకంటే రక్తమో ఉమ్మనీరో పోతే ఎంత పోయిందో, ఏ రంగో వాటి మీద తెలుస్తుంది. వాడిన ప్యాడును పారెయ్యకుండా డాక్టరుకు చూపించాలి. ఉమ్మనీరు పచ్చగా ఉంటే ఆ మాట 108కి ముందే చెప్పాలి.

గుడ్డలు రెండు ఎందుకో పక్కనున్నవాళ్ళకు తెలియాలి. కాన్పు బస్సులోనే అయిపోయే పరిస్థితి వస్తే బండి ఆపి, కిటికీలు మూసి, తల్లిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. బిడ్డను లాగొద్దు. బయటికి రాగానే ఒక గుడ్డతో తలతో సహా గబగబా తుడిచి, ఆ తడిగుడ్డ తీసేసి, బిడ్డను తల్లి రొమ్ము మీద చర్మానికి చర్మం తగిలేలా పెట్టి, రెండో గుడ్డ, శాలువ పైన కప్పాలి. బొడ్డు కోయొద్దు, మాయను లాగొద్దు, స్నానం చేయించొద్దు. తడి ఒంటి బిడ్డ పదహారు డిగ్రీల గాలిలో నిమిషాల్లో చల్లబడుతుంది. మన చలి నిజంగా చంపగలిగేది ఆ బిడ్డనే. గర్భిణికి, ఊర్లలో గుర్రపు వాతం అనే ఫిట్స్ వస్తే ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టాలి. చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో చెంచా పెట్టొద్దు, నీళ్ళు పొయ్యొద్దు. ఫిట్ ఆగిపోయినా ఆస్పత్రికి పోవాల్సిందే.

రైల్లో పోయేవాళ్ళకు చెప్పేది తక్కువే. ఢిల్లీ నుంచి గుంతకల్లు మీదుగా అనంతపురం వచ్చే కర్ణాటక ఎక్స్‌ప్రెస్ లాంటి బండ్లు ఉత్తరాదిన మంచు కమ్మితే గంటల కొద్దీ ఆలస్యమవుతాయి. మనకు ఇక్కడ ఎండ కాస్తున్నా అంతే. ప్లాట్‌ఫారం మీదికి పోకముందే బండి ఎక్కడుందో ఫోన్లో చూసుకోవాలి. స్లీపర్ కోచ్‌లో పెద్దవయసువాళ్ళు, నలభై ఐదు దాటిన స్త్రీలు, గర్భిణులకు కలిపి ఆరేడు కింది బెర్తుల కోటా ఉంది; డాక్టరు సర్టిఫికెట్‌తో కౌంటర్లో అడగాలి. బండిలో వైద్య సహాయానికి 139.

చివరిగా సెలవు. బిడ్డ పుట్టాక ఎక్కువ రోజులు ఉండొచ్చని కాన్పు వారం దాకా బస్సెక్కేవాళ్ళు చాలామంది. వాళ్ళను తప్పుపట్టలేను, పసిబిడ్డ దగ్గర ఒక్కో రోజూ విలువైనదే. అయినా కాన్పు తేదీ జనవరి, ఫిబ్రవరుల్లో పడితే ఆ లెక్క మార్చుకోవాలని అంటాను. 2017 సవరణతో వచ్చిన 26 వారాల ప్రసూతి సెలవులో ఎనిమిది వారాలదాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు. ప్రభుత్వ ఉద్యోగులకు ఉన్నది 180 రోజులు. మొత్తం ఎనిమిది వద్దనుకుంటే మూడో నాలుగో వారాలైనా ముందుకు జరపండి. కాన్పు తేదీ ఫిబ్రవరి 10 అనుకుంటే ఎనిమిది వారాలు వెనక్కి డిసెంబరు 16 అవుతుంది, నాలుగు వారాలంటే జనవరి 13, అంటే సరిగ్గా సంక్రాంతి రద్దీ. దరఖాస్తు డిసెంబరు మొదటి వారంలోనే ఇచ్చి, అందుకున్నట్టు సంతకం పెట్టించుకున్న కాపీ ఒకటి ఇంట్లో పెట్టుకోండి.